హిమాలయ నదీలోయల్లో వేడినీటి బుగ్గలు: కొలిచి దిగడం ఎలా

హిమాచల్‌లోని మణికరణ్‌లో పార్వతీ నది ఒడ్డున రాతి సందుల్లోంచి నీళ్లు సలసల కాగుతూ పైకొస్తాయి. గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగరు భోజనానికి బియ్యం ఆ నీళ్ల వేడికే ఉడుకుతాయి. పక్కనే పారే నది మాత్రం మంచు కరిగి వచ్చింది, చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. స్నానానికి పనికొచ్చే నీళ్లు ఈ రెండూ కలిసే ఇరుకు చోటే దొరుకుతాయి. ఒకే మడుగులో ఒక మూల 38 డిగ్రీలుంటే బారెడు దూరంలో 55 ఉండొచ్చు. నిన్న హాయిగా ఉన్న నీళ్లు ఇవాళ ఒళ్లు కాల్చొచ్చు. కాబట్టి ఎవరు భరోసా ఇచ్చినా, కిందటేడు మీరే అందులో స్నానం చేసి ఉన్నా, కొలవకుండా దిగకండి. కింద చెప్పేదంతా ఆ కొలత చుట్టూ తిరిగేదే: ముందు నదిని, తర్వాత నీటిని, చివరికి మీ ఒంటిని.

బుగ్గలు నది ఒడ్డునే ఎందుకుంటాయి

వాన నీరు, మంచు నీరు కొండల్లోని లోతైన పగుళ్ల వెంట కిందికి దిగుతాయి. భూమిలోకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. హిమాలయాల్లో రాతి పొరలు ఒకదాని మీదికి ఒకటి నెట్టుకుంటూ లేస్తున్నాయి కాబట్టి పగుళ్లకు కొదవ లేదు, లోపలి వేడి కూడా ఎక్కువ. వేడెక్కిన నీరు తేలికై పైకి తోసుకొస్తుంది. లోయలో అన్నిటికన్నా పల్లం నది గర్భమే గనుక ఎక్కువగా అక్కడే బయటపడుతుంది.

యాత్రికుడికి దీనివల్ల తేలే విషయం ఒకటుంది. బుగ్గ వేడి లోపల పెద్దగా మారకపోయినా, మడుగు వేడి నదిని బట్టి మారుతుంది. నది పెరిగితే చల్లనీరు మడుగులోకి చొరబడి వేడి తగ్గుతుంది. నది తగ్గితే ఆ కలుపు ఆగిపోయి, అదే మడుగు కాసేపట్లో భరించలేనంత వేడెక్కుతుంది. వరదొస్తే మడుగే ఉండదు. సట్లెజ్ ఒడ్డున తత్తాపానీలో ఉన్న పాత బుగ్గలు కోల్‌డ్యామ్ జలాశయంలో మునిగిపోయాయి. మందాకిని పక్కన గౌరీకుండ్‌లోని వేడినీటి గుండాన్ని 2013 జూన్ వరద ధ్వంసం చేసింది. పాత ఫొటోలు, పాత సమాచారం చూసి ప్రయాణం పెట్టుకోకండి. బుగ్గ ఇప్పుడు ఉందా, దారి తెరిచి ఉందా అన్నది బయల్దేరే వారంలో అక్కడి బస వాళ్లనే ఫోన్ చేసి అడగండి.

ఎత్తు లెక్క కూడా తెలిసి ఉండాలి. సుమారు 300 మీటర్లు ఎక్కితే నీరు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుతుంది. 1,760 మీటర్ల ఎత్తులోని మణికరణ్‌లో నీరు దాదాపు 94 దగ్గర మరుగుతుంది. లద్దాఖ్‌లోని పూగా లోయ సుమారు 4,400 మీటర్ల ఎత్తు, అక్కడ 85 దగ్గరే మరుగుతుంది. బుడగలు చూసి వేడిని అంచనా కట్టడమూ కుదరదు, ఎందుకంటే కొన్ని బుగ్గల్లో వాయువు వల్ల గోరువెచ్చటి నీళ్లలో కూడా బుడగలు లేస్తాయి. బుడగ ఒక్కటీ లేని నిశ్చలమైన నీరు 70 డిగ్రీలుండొచ్చు.

ఎవరు ఎక్కడికి వెళ్తే మంచిది

పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే కట్టిన స్నానఘట్టాలున్న చోటే ఎంచుకోండి. మణికరణ్‌కు భుంతర్ నుంచి రోడ్డు మార్గం సుమారు 35 కిలోమీటర్లు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు స్నానపు గదులున్నాయి, మరిగే నీటిలో చల్లనీరు కలిపి వదులుతారు. మనాలీ పక్కనే బియాస్‌కు అవతలి గట్టు మీదున్న వశిష్ఠ్‌లో కూడా గుడిని ఆనుకుని వేర్వేరు కొలనులున్నాయి. బదరీనాథ్ తప్త కుండం అలకనంద ఒడ్డున గుడి మెట్ల కిందే ఉంది, దర్శనానికి ముందు అందులో స్నానం చేయడం ఆచారం. యమునోత్రిలో సూర్య కుండం స్నానానికి కాదు. యాత్రికులు బియ్యం, బంగాళదుంపలు గుడ్డలో మూటగట్టి ఉడికించుకునేది అందులోనే. స్నానపు కొలనులు వేరుగా ఉంటాయి. ఈ తేడా తెలియక ఆత్రంగా కాలు పెట్టేవాళ్లుంటారు, జాగ్రత్త.

నడవగలిగినవాళ్లకు పార్వతీ లోయలోనే పైన ఖీర్‌గంగ బుగ్గ ఉంది. రోడ్డు బర్షైణీ దగ్గర ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఒకవైపే సుమారు 12 కిలోమీటర్ల ఎక్కుడు, మామూలు నడకకు నాలుగు నుంచి ఆరు గంటలు. కొలను దాదాపు 2,950 మీటర్ల ఎత్తున ఉంటుంది. నక్‌థాన్ ఊరి మీదుగా వెళ్లే బాటలో మనుషుల అలికిడి ఎక్కువ. కల్గా వైపు అడవి బాట అందంగా ఉంటుంది గానీ దారి తప్పడం సులువు, కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు నక్‌థాన్ బాటే పట్టడం మేలు. ఏ బాటైనా పొద్దున ఎనిమిది లోపు బయల్దేరాలి, ఒంటరిగా వెళ్లకూడదు. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా, ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పటికి తిరిగొస్తారన్నదీ బస వాళ్లకు కాగితం మీద రాసిచ్చి కదలండి.

లద్దాఖ్‌లో సింధు నది ఒడ్డున చుమాథాంగ్, నుబ్రా లోయలో పనామిక్, ఇవి కాక పైన చెప్పిన పూగా లోయ ఉన్నాయి. ఇక్కడ మొదటి సమస్య నీటి వేడి కాదు, ఎత్తు. లేహ్‌లో దిగి కనీసం రెండు మూడు రోజులు ఒంటిని అలవాటు చేసుకున్నాకే అటు వెళ్లాలి. ఉత్తర సిక్కింలోని యుమ్‌థాంగ్‌కు భారతీయులకు కూడా అనుమతి పత్రం తప్పనిసరి.

ఏ కాలంలో, రోజులో ఏ వేళకు

హిమాచల్, ఉత్తరాఖండ్ లోయలకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ వరకు వెళ్లొచ్చు. రెండింటిలో అక్టోబరే మేలని మా అభిప్రాయం. నది తగ్గి తేటపడుతుంది, ఒడ్డున మునిగి ఉన్న చిన్న మడుగులు బయటపడతాయి, రోడ్లు కుదురుగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో వెళ్లనే వద్దు. కొండచరియలు విరిగిపడి రోజుల తరబడి దారులు మూసుకుపోతాయి. ఎగువన కురిసిన కుంభవృష్టి మీరున్నచోట చినుకైనా పడకుండానే నదిని పొంగిస్తుంది. చలికాలంలో వేడినీళ్ల సుఖం రెట్టింపన్న మాట నిజమే. అయితే బాటంతా గట్టి మంచు పేరుకుంటుంది, తడి ఒంటితో బయటికొచ్చిన అయిదు నిమిషాల్లోనే వణుకు పుడుతుంది.

రోజులో వేళ కూడా ముఖ్యమే. హిమానీ నదాల నీటితో నడిచే నదులకు రోజువారీ పోటు ఉంటుంది. పగటి ఎండకు కరిగిన మంచు సాయంత్రానికో రాత్రికో కిందికి చేరుతుంది, కాబట్టి తెల్లవారుజాము నుంచి పొద్దున పదింటి దాకా నది తక్కువగా, మధ్యాహ్నం దాటాక ఎక్కువగా ఉంటుంది. నది ఒడ్డు మడుగుల్లో స్నానం పొద్దున పూటే పెట్టుకోండి. వేసవిలో సాయంత్రం నాలుగు తర్వాత నది గర్భంలోకి దిగకండి. గట్టు మీద కట్టిన కొలనులకు ఈ నియమం వర్తించదు.

సంచిలో ఏముండాలి

అన్నిటికన్నా ముఖ్యం ఒక థర్మామీటరు. వంటింట్లో వాడే, పొడవాటి లోహపు పుల్ల ఉన్న డిజిటల్ రకం, 0 నుంచి 100 డిగ్రీల దాకా చూపేది కావాలి. జ్వరం చూసేది పనికిరాదు, దాని కొలత 42 దగ్గరే ఆగిపోతుంది. దూరం నుంచి గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ రకం నీటి పైపొర వేడి మాత్రమే చెబుతుంది, ఆవిరి అడ్డొస్తే అదీ తప్పు చెబుతుంది. పుల్ల థర్మామీటరును మీటరున్నర కర్రకు రబ్బరు బ్యాండ్లతో కట్టుకుంటే ఒడ్డున నిలబడే లోతులోని వేడి కొలవొచ్చు.

కాళ్లకు మడమ వెనక పట్టీ ఉన్న, గట్టి రబ్బరు అడుగున్న శాండిల్స్ వేసుకోండి. హవాయి చెప్పులు పాకుడు రాళ్ల మీద జారతాయి, నీటి లాగుడుకు ఊడిపోతాయి. ఇంకా ఒక ప్లాస్టిక్ మగ్గు, పల్చటి నూలు తువ్వాలు రెండు, పొడి బట్టల జత నీరు చొరని సంచిలో, ఉన్ని టోపీ, తలకు కట్టుకునే టార్చి, ఈల, మనిషికి రెండు లీటర్ల తాగునీరు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు పెట్టుకోండి. ప్రథమ చికిత్సకు శుభ్రమైన గాజుగుడ్డ, అంటుకోని డ్రెస్సింగ్, పారాసిటమాల్ చాలు. వెండి, రాగి నగలు బసలోనే వదిలెయ్యండి. గంధకపు నీటికి అవి నల్లబడతాయి. పైగా చెయ్యి కాలి వాచినప్పుడు ఉంగరం వేలిని బిగించేస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని నీళ్లలోకి వెళ్లకండి.

మొదటి అడుగు: నదిని చదవడం

ఒడ్డుకు చేరగానే బట్టలు విప్పే తొందర వద్దు. పది నిమిషాలు నిలబడి నదిని చూడండి. నీటి అంచున తెల్లటి రాయి ఒకటి సగం మునిగేలా పెట్టి, గట్టు మీదికి ఏ దారిన ఎక్కాలో చూసుకోండి. ఎక్కుదారి లేని మడుగు ఎంత బాగున్నా వదిలెయ్యాలి. పది నిమిషాల తర్వాత ఆ రాయి పూర్తిగా మునిగిందంటే నది పెరుగుతున్నట్టు, దిగకండి. దిగినా ప్రతి పావుగంటకూ రాయిని చూసే పని ఒకరు గట్టు మీద ఉండి చేయాలి. ఆ ఒకరు నీళ్లలోకి దిగకూడదు.

నది మారబోతోందని చెప్పే గుర్తులు కొన్నున్నాయి. తేట నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరగడం, కొమ్మలూ ఆకులూ కొట్టుకురావడం, అడుగున బండలు ఒకదానికొకటి తగిలి గుడగుడమని మోగడం. వీటన్నిటికన్నా భయపడాల్సింది నీరు హఠాత్తుగా తగ్గిపోవడం. ఎగువన కొండచరియ పడి ప్రవాహం ఆగి ఉండొచ్చు, ఆ కట్ట తెగితే నీరు ఒక్క ఉదుటున వస్తుంది. వీటిలో ఏది కనిపించినా సామాను వదిలేసి నేరుగా పైకి గట్టెక్కాలి. నది వెంట కిందికి పరుగెత్తకండి.

జలవిద్యుత్ ఆనకట్టలున్న నదుల్లో ఇంకో ప్రమాదముంది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని థలౌట్ దగ్గర బియాస్ నదిలో, ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటికి హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు నిలబడినప్పుడు రాళ్లు పొడిగానే ఉన్నాయి. ఆనకట్ట గేట్లకు వేళాపాళా ఉండదు, ఎండా వానా అన్న లెక్కా ఉండదు. ఎగువన ఆనకట్ట ఉన్న నదిలో సైరను వినిపిస్తుందిలే అన్న ధైర్యంతో నడిమి బండల మీదికి వెళ్లకండి, నది హోరులో అది వినపడకపోవచ్చు. అలాంటిచోట గట్టు మీది కొలనులే మనవి, నది గర్భం మనది కాదు.

రెండో అడుగు: నేలను, నీటిని పరీక్షించడం

బుగ్గ చుట్టూ తెల్లగా, పసుపుగా పెంకు కట్టి ఉంటే దాని మీద కాలు వేయకండి. నీటిలోని ఖనిజాలు పేరుకుని ఏర్పడిన ఆ పెంకు కింద బోలుగా ఉండొచ్చు, లోపల మరిగే నీరుండొచ్చు. జనం నడిచి అరిగిన రాళ్ల మీదే నడవండి. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో 2016లో ఒక యువకుడు స్నానానికి చోటు వెతుక్కుంటూ నడకదారి వదిలి వెళ్లి, మరిగే గుంటలో పడి చనిపోయాడు. గట్టిగా కనిపించిన నేల గట్టిదని నమ్మడానికి లేదు.

నీటిలో ఆకుపచ్చ, నారింజ రంగుల్లో జిగురు పొరలు కనిపిస్తే అవి సూక్ష్మజీవులు. ఎండను తిని బతికే ఆ జీవులు సుమారు 73 డిగ్రీలు దాటితే బతకవు. అంటే రంగు ఉన్న నీరు 73 కన్నా తక్కువని మాత్రమే తెలుస్తుంది, స్నానానికి పనికొస్తుందని కాదు. 60 డిగ్రీల నీటిలో కూడా అవి నిగనిగలాడుతూ పెరుగుతాయి. ఆ పొరల మీద కాలు పెడితే జారుతుంది, అందుకే మడుగు అంచున ఎప్పుడూ కూర్చుని దిగాలి.

ఇక కొలత. కర్రకు కట్టిన థర్మామీటరును నాలుగు చోట్ల ముంచండి: వేడినీరు పడే చోట, చల్లనీరు కలిసే చోట, మీరు కూర్చోబోయే చోట, అడుగు ఇసుకకు ఆనించి. ప్రతిచోటా అంకె కదలకుండా నిలిచేదాకా, అంటే పదిహేను ఇరవై సెకన్లు, ఆగాలి. అడుగు కొలతను చాలామంది వదిలేస్తారు, ఎక్కువగా కాలేది అక్కడే. కొన్ని మడుగుల్లో వేడి ఇసుక లోంచే ఊరుతుంది. పైన 39 ఉన్న నీటిలో కూర్చుంటే పిరుదుల కింద 50 తగులుతుంది.

అంకెలను ఇలా చదువుకోండి. 36 నుంచి 38 దాకా పెద్దవాళ్లకు, అలవాటు లేనివాళ్లకు హాయి. 39, 40 ఆరోగ్యవంతులకు మంచి వేడి. 41, 42 అయిదు నిమిషాలకు మించి వద్దు. 43, ఆపైన దిగొద్దు. 50 డిగ్రీల నీరు అయిదు నిమిషాల్లో, 55 డిగ్రీలది అర నిమిషంలో, 60 డిగ్రీలది అయిదు సెకన్లలో పెద్దల చర్మాన్ని లోతుగా కాల్చగలదు. పిల్లల చర్మం పల్చన గనుక ఇంకా త్వరగా కాలుతుంది.

థర్మామీటరు పాడైతే మగ్గుతో నీళ్లు ముంచి మోచేతి లోపలి వైపు పోసుకుని చూడండి. వేళ్లతో, పాదాలతో పరీక్ష చేయకండి. చలిలో నడిచొచ్చిన కాళ్లకూ వేళ్లకూ స్పర్శ మొద్దుబారి ఉంటుంది, 48 డిగ్రీలు కూడా మొదటి క్షణంలో సుఖంగానే అనిపిస్తుంది.

మూడో అడుగు: ఒంటిని దింపడం

కడుపునిండా తిన్న గంటన్నర దాకా ఆగండి. అలాగని పరగడుపున పన్నెండు కిలోమీటర్లు ఎక్కి నేరుగా దిగితే కళ్లు తిరుగుతాయి. కొద్దిగా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఇరవై నిమిషాలు కూర్చుని ఆయాసం తీరాక మొదలుపెట్టండి. మద్యం తాగినవాళ్లు నీళ్ల దరిదాపులకు రాకూడదు. వేడికీ మద్యానికీ రెండింటికీ రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది, మనిషి చప్పుడు లేకుండా నీటిలోకి జారిపోతాడు.

మగ్గుతో ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద, నడుము మీద, చివరికి భుజాల మీద నీళ్లు పోసుకోండి. అంచున కూర్చుని పిక్కల దాకా కాళ్లు ముంచి రెండు నిమిషాలు, నడుము దాకా దిగి రెండు నిమిషాలు, ఆ తర్వాతే ఛాతీ దాకా. గుండె జబ్బు లేకపోయినా నడుము దగ్గరే ఆగిపోవడం తప్పేమీ కాదు. ఛాతీ మీద నీటి బరువు ఊపిరిని కాస్త నొక్కుతుంది, ఎత్తు ప్రదేశాల్లో అది బాగా తెలుస్తుంది.

పది నిమిషాలకు బయటికి రండి. అయిదు నిమిషాలు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి, ఒంట్లో బాగుంటే మళ్లీ దిగండి. మొత్తం మీద అరగంట దాటనివ్వకండి. 3,000 మీటర్లు దాటిన చోట చేరిన మొదటి రోజు అయితే అయిదు నిమిషాలు చాలు, తలనొప్పి ఉంటే అసలు వద్దు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు లక్షణాలూ, వేడి ఎక్కువైన లక్షణాలూ ఒకేలా ఉంటాయి: తలనొప్పి, వికారం, నీరసం. రెండూ కలిస్తే ఏది ఏదో తేల్చుకోలేరు.

లేచేటప్పుడే ఎక్కువమంది పడిపోతారు. వేడికి రక్తమంతా చర్మానికీ కాళ్లకూ చేరి ఉంటుంది, ఒక్కసారిగా నిలబడితే మెదడుకు అందదు. ముందు అంచు మీద కూర్చుని నిమిషంసేపు పిక్కలు కదిలించి, ఏదైనా పట్టుకుని లేవండి.

వేడి మడుగులోంచి నేరుగా నదిలోకి దూకే సరదా ఒకటి ఈమధ్య బాగా కనిపిస్తోంది. దయచేసి వద్దు. 15 డిగ్రీల కన్నా చల్లటి నీరు తగలగానే అసంకల్పితంగా పెద్ద ఊపిరి లాగుతారు, ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరే వెళ్తుంది. రక్తపోటు ఒక్కసారిగా ఎగిసి గుండె లయ తప్పొచ్చు. ఇవేవీ జరక్కపోయినా కొండ నది లాగుడు ఉండనే ఉంది. చల్లనీళ్లు కావాలంటే మగ్గుతో కాళ్ల మీద పోసుకోండి.

మడుగు లేకపోతే బకెట్టు

బుగ్గ మరీ వేడిగా ఉండి, స్నానపు కొలను లేనిచోట బకెట్టులో కలుపుకోవడమే సురక్షితమైన పద్ధతి. నది నీరు 8 డిగ్రీలనుకుంటే, 80 డిగ్రీల బుగ్గ నీరు మూడు మగ్గులకు నది నీరు నాలుగు మగ్గులు కలిపితే దాదాపు 39 వస్తుంది. బుగ్గ నీరు 60 ఉంటే మూడు మగ్గులకు రెండు చాలు. ముందు చల్లనీరు పోసి, దాని మీద వేడినీరు పోయండి. అప్పుడు బకెట్టులో ఎప్పుడూ కాలేంత వేడినీరు ఒంటరిగా ఉండదు, పిల్లలు మధ్యలో చెయ్యి పెట్టినా ప్రమాదం తక్కువ. బాగా కలిపి, కొలిచి, అప్పుడు పోసుకోండి. మరిగే ఊటలో మగ్గును చేత్తో ముంచకండి. పిడికి కర్ర కట్టి ముంచండి, ఆవిరి కూడా చేతిని కాలుస్తుంది.

ఒడ్డున ఎవరో రాళ్లు పేర్చి కట్టిన మడుగు ఉంటే అందులో చల్లనీటి కాలువ రాళ్లను కదిలించి వేడి సరిచేయొచ్చు. ఒక్కో రాయి తీసి మూడు నాలుగు నిమిషాలు ఆగి కొలవండి, నీరు కలవడానికి ఆ సమయం పడుతుంది. వెళ్లేటప్పుడు చల్లనీటి దారి తెరిచే ఉంచండి. దాన్ని మూసేసి వెళ్తే తర్వాత వచ్చేవాళ్లు తెలియక మరిగే నీటిలో కాలు పెడతారు.

ఎవరు దిగకూడదు

గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, వేడి మడుగులోకి దిగకూడదు. తల్లి ఒంటి లోపలి వేడి 39 దాకా పెరిగితే బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడడంలో లోపాలు వచ్చే ప్రమాదముంది. అయిదేళ్ల లోపు పిల్లలకు తడిగుడ్డతో తుడవడం చాలు. పెద్ద పిల్లలైతే 37 దాటని నీటిలో అయిదు నిమిషాలు, పెద్దవాళ్ల చెయ్యి వదలకుండా. గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తపోటు మాత్రలు వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు ఇంట్లో ఉండగానే డాక్టరును అడిగి బయల్దేరాలి. జ్వరం, విరేచనాలు, మానని పుండ్లు ఉన్నవాళ్లు ఆ రోజుకు మానుకోవాలి.

షుగరు ఉన్నవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ల తరబడి షుగరు ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలు కాలుతున్నా తెలియదు, సాయంత్రానికి బొబ్బలు చూసి తెలుసుకుంటారు. ఆ పుండు మానడమూ కష్టమే. మన ఇళ్లలో మోకాళ్ల నొప్పులకు మంచిదని పెద్దవాళ్లను ఈ బుగ్గలకు తీసుకెళ్తుంటాం, వాళ్లలో చాలామందికి షుగరు ఉంటుంది. వాళ్ల నీటిని పక్కనున్నవాళ్లే కొలవాలి, 38 దాటనివ్వకూడదు. స్నానానికి ముందూ తర్వాతా అరికాళ్లు చూడాలి.

ముక్కులోకి నీరు, గాలిలో వాసన

తల ముంచకండి, నీళ్లు ముఖం మీద చల్లుకోకండి. వెచ్చటి మంచినీటిలో నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా పెరగొచ్చు, 46 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. నీరు ముక్కులోకి వెళ్లినప్పుడే అది మెదడుకు చేరుతుంది. మింగితే ఆ జబ్బు రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. చాలా అరుదు, వస్తే మాత్రం దాదాపు ప్రాణాంతకం. గుండంలో మూడు మునకలు వేయాలన్న మొక్కు ఉంటే ముక్కు గట్టిగా మూసుకుని వేయండి, లేదా భుజాల దాకా మునిగి, తల మీద తాగునీరు పోసుకోండి. అడుగు బురదను కాళ్లతో కలచకండి, అమీబా ఎక్కువగా ఉండేది అక్కడే. స్నానం తర్వాత పన్నెండు రోజుల లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, వేడినీటి బుగ్గలో స్నానం చేశామన్న మాట డాక్టరుకు ముందే చెప్పండి.

బుగ్గ నీరు తాగొద్దు. ఖనిజాలున్నాయి గనుక ఔషధమనుకుంటారు. ఆ ఖనిజాల్లో ఫ్లోరైడ్, బోరాన్, ఆర్సెనిక్ వంటివి కూడా ఉండొచ్చు, మరిగిస్తే అవి పోవు.

కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. బయలు ప్రదేశంలో పల్చగా వస్తే భయం లేదు. మూసిన గదిలో, గుహలో వాసన గాఢంగా ఉంటే బయటికి వచ్చేయండి. ఉన్న వాసన ఉన్నట్టుండి మాయమైందంటే గాలి బాగుపడిందని అనుకోకండి, ఈ వాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. గాలి కదలని తెల్లవారుజామున గుంతల్లాంటి చోట్ల నేలను ఆనుకుని బొగ్గుపులుసు వాయువు కూడా పేరుకుంటుంది, దానికి వాసనే ఉండదు. మణికరణ్ గురుద్వారాలో వేడి గుహ ఉంది. అందులో రెండు మూడు నిమిషాలు కూర్చుని రండి. ఉక్కకు తట్టుకోలేనివాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోండి.

అక్కడి మర్యాద

హిమాలయాల్లో చాలా బుగ్గలు గుళ్లతోనో గురుద్వారాలతోనో ముడిపడినవి. గురుద్వారాలో తల కప్పుకోవాలి, చెప్పులు బయట వదలాలి. మణికరణ్‌లో కొన్నిచోట్ల నేల కూడా కాళ్లు కాల్చేంత వేడిగా ఉంటుంది, పలకలు, పట్టాలు పరిచిన చోటే నడవండి. కొలనులో సబ్బు, షాంపూ, నూనె వాడకూడదు. ఖీర్‌గంగ కొలను నుంచి పొంగిన నీరు నేరుగా కిందికి పారుతుంది, ఆ నురగ అంతా నదిలోకే. ఒంటి మీద చెమట, సన్‌స్క్రీన్ ఉంటే కొలనుకు కనీసం యాభై అడుగులు ఎడంగా, పారే నీటిలో కలవని చోట మగ్గు నీళ్లతో కడుక్కుని రండి. ఆడవాళ్లకు కేటాయించిన ఆవరణ వైపు కెమెరా తిప్పకండి. స్థానికులు పొద్దున పూజకు వచ్చే వేళ కొలను వాళ్లకు వదలండి.

కాలితే, పడితే

ఎవరైనా మరిగే గుంటలో జారిపడితే వెంట దూకకండి, ఇద్దరూ పోతారు. కర్రో, తువ్వాలో అందించి లాగండి. తడిసిన బట్టలు వేడిని పట్టి ఉంచుతాయి, చర్మానికి అంటుకోనివన్నీ వెంటనే తీసెయ్యండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయాలి. కాలిన చోట చల్లటి శుభ్రమైన నీరు ఇరవై నిమిషాలపాటు ధారగా పోయండి. కాలిన అవయవాన్ని మంచు నదిలో ముంచి ఉంచకండి, అతి చల్లదనం చర్మాన్ని ఇంకా పాడు చేస్తుంది, ఒంటి వేడినీ లాగేస్తుంది. నది నీరు తప్ప వేరే దారి లేకపోతే మగ్గుతో కొద్దికొద్దిగా పోస్తూ, మిగతా ఒంటికి దుప్పటి కప్పండి. పసుపు, టూత్‌పేస్ట్, వెన్న, సిరా ఏవీ పూయకండి. బొబ్బలు చిదమకండి. అంటుకోని డ్రెస్సింగ్ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అరచెయ్యికన్నా పెద్దగా కాలినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, పిల్లలకు ఎంత చిన్నగా కాలినా డాక్టరు చూడాల్సిందే. 112కు గానీ, 108 అంబులెన్సుకు గానీ ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు రోగి దగ్గర ఉండి, ఇంకొకరు ఊళ్లోకి పరుగెత్తాలి.

కళ్లు తిరిగి పడినవాళ్లను నీళ్లలోంచి తీసి చదునైన చోట పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తండి. తెలివి పూర్తిగా వచ్చాక కొద్దికొద్దిగా ఓఆర్‌ఎస్ తాగించండి. రెండు నిమిషాల్లో తేరుకోకపోయినా, ఛాతీ నొప్పి అన్నా అది మామూలు కళ్లు తిరగడం కాదు, వెంటనే సాయానికి పిలవండి.

స్నానం తర్వాత

ఒళ్లు తుడుచుకుని ముందు తలకు టోపీ, తర్వాత పొడి బట్టలు. గంధకం ఎక్కువున్న నీటికి చర్మం మంట పెడితే మామూలు నీళ్లతో కడుక్కోండి. అరలీటరు నీళ్లు నెమ్మదిగా తాగి, కనీసం అరగంట కూర్చున్నాకే దిగుడు బాట పట్టండి. వేడికి సడలిన కండరాలు దిగుడులో మోకాలిని సరిగ్గా పట్టి ఉంచలేవు, మడమ మెలిక పడేది ఇప్పుడే. ఖీర్‌గంగ నుంచి అదే రోజు దిగాలంటే మధ్యాహ్నం ఒంటిగంట లోపు కొలను వదలాలి. ఆ వేళ దాటితే రాత్రికి పైనే ఆగండి, అడవి బాటలో టార్చి వెలుగును నమ్ముకుని దిగకండి. రెండు మూడు రోజుల్లో ఈత బట్టల కింద వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఎర్రటి గుల్లలు లేస్తే అది నీటిలోని బ్యాక్టీరియా పని. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, వారం దాటినా తగ్గకపోయినా, జ్వరం తోడైనా డాక్టరుకు చూపించండి.